సిల్వెష్ కోటకి వెళ్తే ముందు బావి దగ్గరికి వెళ్ళండి

పోర్చుగల్ దక్షిణ తీరానికి, అంటే అల్గార్వ్‌కి, వెళ్ళే తెలుగువాళ్ళకి ముందుగా ఒక మాట. బీచ్ హోటళ్ళ రిసెప్షన్‌లో "చారిత్రక అల్గార్వ్, ఒక రోజు యాత్ర" అంటూ రంగురంగుల కరపత్రాలు పెట్టి అమ్మే బస్సు టూర్ కొనకండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే అసలే కొనకండి.

మేం డబ్లిన్ నుంచి ఫిబ్రవరిలో, పిల్లల మధ్యంతర సెలవులకి వెళ్ళాం. నేను, మావారు, మా అబ్బాయి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. నాన్న ఇరిగేషన్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. కోట అంటే ఆయన ముందుగా అడిగేది రాజు పేరు కాదు, "నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చేవి?" అని. కరపత్రం మీద సిల్వెష్ అనే ఊరి కోట ఎర్రటి గోడల ఫోటో చూసి, ఈ ఒక్కటి చాలు, మిగతా బీచ్‌లు మీరు చూసుకోండి అన్నారు. పెద్దవాళ్ళకి 42 యూరోలు, పిల్లవాడికి 21. మొత్తం 189 యూరోలు కట్టాం. కరపత్రంలో సిల్వెష్‌లో రెండు గంటలు, కోట, పురావస్తు మ్యూజియం అని స్పష్టంగా రాసి ఉంది.

బస్సు పొద్దున తొమ్మిదికి బయల్దేరి నేరుగా ఒక కార్క్ వస్తువుల షాపు ముందు ఆగింది. అక్కడ గంటన్నర. కార్క్ బెరడుతో చేసిన హ్యాండ్‌బ్యాగు 75 యూరోలు, బెల్టు 30. కొనని వాళ్ళని బస్సులో కూర్చోనివ్వలేదు, డ్రైవర్ తాళం వేసి కాఫీకి వెళ్ళిపోయాడు. అమ్మ మోకాళ్ళ నొప్పితో షాపు బయట అరుగు మీద చలిగాలిలో కూర్చుంది. ఆ తర్వాత కొండల్లో ఒక వ్యూ పాయింటు, అది దాటాక "మన" రెస్టారెంటులో భోజనం. అది టికెట్లో లేదు, మనిషికి 16 యూరోలు. ఇవన్నీ అయ్యేసరికి సిల్వెష్ చేరింది మూడున్నరకి. గైడు మైకులో "నాలుగుంబావుకి బస్సు కదులుతుంది, ఆలస్యమైతే ఆగదు" అన్నాడు. ముక్కాలు గంట! కోట టికెట్ కూడా మనదే. మ్యూజియం సంగతి అడిగితే "అక్కడ కుండ పెంకులే, చూసేదేం లేదు" అని కొట్టిపారేశాడు.

బస్సు ఆగేది నది ఒడ్డున, కోట కొండ మీద. మధ్యలో రాళ్ళు పరిచిన ఎత్తు వీధులు. అమ్మని నడిపించుకుంటూ పైకి చేరేసరికి ఇరవై నిమిషాలు మిగిలాయి. గైడు కోట గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన చరిత్ర రెండు వాక్యాలు: ఇది మూర్లు (అంటే అప్పట్లో ఇక్కడ ఏలిన ముస్లింలు) కట్టారు, మన రాజు వచ్చి విడిపించాడు. నాన్న లోపల ఉన్న నీళ్ళ తొట్టి గురించి ఏదో అడగబోతే చెయ్యి పైకెత్తి వాచీ చూపించాడు. డెబ్బై ఏళ్ళ మనిషికి వాచీ చూపించడం! తిరుగు ప్రయాణమంతా నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. మావారికి కోపం వస్తే గొంతు పెరుగుతుంది, ఆయన బస్సులోనే గైడుతో వాదనకి దిగారు. మా అబ్బాయి సిగ్గుతో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నేనే ఆ టూర్ ఆఫీసుకి వెళ్ళాను. మొదట "ట్రాఫిక్ వల్ల" అన్నారు. కార్క్ షాపులో గంటన్నర ఉన్నప్పుడు లేని ట్రాఫిక్ సిల్వెష్‌కే ఎందుకొచ్చిందని అడిగితే, రాతపూర్వకంగా హెడ్డాఫీసుకి రాయండి అన్నారు. అప్పుడు నేను ఫిర్యాదుల పుస్తకం ఇమ్మన్నాను. ఇది అందరూ గుర్తుపెట్టుకోవలసిన విషయం. పోర్చుగల్‌లో జనానికి సరుకో సేవో అమ్మే ప్రతి షాపు, హోటలు, రెస్టారెంటు, టూర్ ఆఫీసు ఈ పుస్తకం ఉంచి తీరాలి, అడిగితే ఇచ్చి తీరాలి. "లివ్రు ద రెక్లమసొయిష్" అని అడగండి. మనం ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది. ఒక కాపీ మనకి ఇస్తారు, అసలు ప్రతి ప్రభుత్వ నియంత్రణ సంస్థకి వెళ్ళాలి. ఇంటర్నెట్‌లో కూడా పెట్టవచ్చు. పుస్తకం అనగానే కౌంటర్లో అమ్మాయి లోపలికెళ్ళి మేనేజర్ని తీసుకొచ్చింది. సగం డబ్బు, 94 యూరోల 50 సెంట్లు, అక్కడికక్కడే కార్డులో వెనక్కి వేశారు. అయినా నేను పుస్తకంలో రాశాను. పూర్తిగా రాశాను, వాచీ సంగతితో సహా.

ఆ డబ్బుతోనే మళ్ళీ సిల్వెష్ వెళ్ళాం, ఈసారి రైల్లో, రాత్రి అక్కడే ఉండేలా.

రైలు గురించి. మేం రైలెక్కిన అల్బుఫేరా స్టేషను ఊళ్ళో లేదు, ఫెరేరాష్ అనే పక్క ఊళ్ళో ఉంది. అక్కణ్ణించి సిల్వెష్‌కి అరగంట ప్రయాణం, టికెట్ మూడు యూరోలు కూడా కాలేదు. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి సగం ధర, ఏ దేశంవాళ్ళయినా సరే, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. నాన్నకి ఈ గౌరవం బాగా నచ్చింది. సిల్వెష్ స్టేషను కూడా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. మిగతావాళ్ళు నడవచ్చు కానీ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ సరిగా లేదు. మేం టాక్సీకి ఫోన్ చేసి 6 యూరోలు ఇచ్చాం. డ్రైవరు పెద్దాయన, అమ్మ మోకాళ్ళు చూసి, అడక్కుండానే కారుని కొండ పైదాకా తీసుకెళ్ళి కేథడ్రల్ గుమ్మం ముందు దింపాడు. బస్సు టూర్‌వాళ్ళకి తోచని విషయం ఆయనకి తోచింది.

బస సంగతి చెప్పాలి. పాత ఊళ్ళో రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, రాత్రికి 68 యూరోలు, శుభ్రం చేసినందుకు 20. తలుపు పక్కన "ఏ ఎల్" అనే పలక ఉంది, అంటే రిజిస్టరైన బస. రిజిస్టర్ కాని ఇంట్లో దిగకండి. ఇల్లు ముచ్చటగా ఉంది, కిటికీలోంచి ఎర్ర గోడ కనిపిస్తుంది. కానీ చలి! అల్గార్వ్ అంటే ఎండ అనుకుంటాం. పగలు 17 డిగ్రీలు, చొక్కాతో తిరగొచ్చు. రాత్రి మాత్రం ఆ సున్నపు గోడల ఇళ్ళలో గదులు మంచులా చల్లబడతాయి, హీటింగ్ ఉండదు. డబ్లిన్ ఇంట్లో ఎన్నడూ పడనంత చలి అక్కడ పడ్డాం. ఉన్న ఒక్క ఆయిల్ హీటర్ అమ్మానాన్నల గదిలో పెట్టాం. ఇంటావిడకి మెసేజ్ చేస్తే, పది నిమిషాల్లో ఇంకో హీటరు, రెండు ఉన్ని దుప్పట్లు, పెరటి నారింజలు ఒక గంప మోసుకొచ్చింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. శీతాకాలంలో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేముందే హీటర్లు ఎన్ని ఉన్నాయో అడగండి. ఆవిడ లాంటి మనిషి దొరికితే మిగతావన్నీ సర్దుకుపోవచ్చు.

ఇక అసలు విషయం. కోట, మ్యూజియం కలిపి టికెట్ మేం వెళ్ళినప్పుడు 3 యూరోల 90 సెంట్లు. కోట ఒక్కటే అయితే 2.80. అందరూ ముందు కోటకి పరుగెత్తుతారు. మీరు ముందు మ్యూజియానికి వెళ్ళండి. "చూసేదేం లేదు" అన్న ఆ మ్యూజియం మధ్యలో, ఆ భవనం మొత్తాన్ని దాని చుట్టూనే కట్టారన్నట్టు, ఒక బావి ఉంది. 12, 13 శతాబ్దాల నాటిది, మొరాకో నుంచి ఈ ప్రాంతాన్ని ఏలిన అల్మొహద్ అనే ముస్లిం రాజవంశం కాలపు బావి. 1980లలో తవ్వకాల్లో బయటపడితే, దాన్ని కదపకుండా మ్యూజియాన్నే దాని మీద కట్టి 1990లో తెరిచారు. లోతు సుమారు 18 మీటర్లు. బావి గోడ చుట్టూ రాతిలో మెట్ల దారి సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. నీటిమట్టం ఎంత పడిపోయినా మనిషి నడిచి వెళ్ళి ముంచుకునేలా ఆ దారిలోంచి బావిలోకి కిటికీలు పెట్టారు.

నాన్న ఆ రెయిలింగ్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డారో. మెట్లు మొదట్లో కొన్ని దిగనిస్తారు, ఇరుకు, తల వంచుకోవాలి. ఆయన దిగి, రాయి మీద అరచెయ్యి పెట్టి చూసి, పైకి వచ్చి మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద బొమ్మ గీశారు. తోడే చోటు ఎందుకు ఒకటి కాదు, అనేకం ఉండాలి, మెత్తటి ఎర్ర ఇసుకరాయిలో ఇంత లోతు తవ్వేటప్పుడు గోడ కూలకుండా సుడి మెట్లు ఎలా ఆసరా అవుతాయి. నిన్నటిదాకా హెడ్‌ఫోన్స్ తియ్యని పిల్లవాడు ఎదురు ప్రశ్నలు వేశాడు. అక్కడి ఉద్యోగిని ఒకామె వీళ్ళిద్దరినీ చూసి, తనంతట తానే వచ్చి ఊరి పాత మ్యాపు విప్పి చూపించింది. పైన రాజుగారి కోట, దాని కింద గోడ లోపల ఊరు, గోడ బయట నది పక్కన శివారు పేట. మ్యూజియం వెనక గోడే ఆ పాత ఊరి గోడ. తాకి చూడొచ్చు.

ఈ బావి చూశాక కోట ఎక్కితే 1189 సంగతి పూర్తిగా అర్థమవుతుంది. చూడకుండా ఎక్కితే అవి ఎర్ర గోడలు, అంతే.

ఎనిమిదో శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతం ముస్లింల చేతికొచ్చింది. ఊరి పేరు అప్పుడు షిల్బ్. అరాద్ నదిలో సముద్రం నుంచి ఓడలు ఊరి గోడ దాకా వచ్చేవి. తర్వాత ఇసుక మేట వేసి నది పూడిపోయింది, ఇప్పుడు పడవలు తిరగాలన్నా పోటు కోసం చూడాలి. 12వ శతాబ్దపు భూగోళ శాస్త్రజ్ఞుడు ఇద్రీసీ ఈ ఊరి చక్కటి కట్టడాలనీ, నిండైన బజార్లనీ, జనం మాట్లాడే స్వచ్ఛమైన అరబ్బీనీ మెచ్చుకున్నాడు. 11వ శతాబ్దంలో కొన్నాళ్ళు ఇది సొంత రాజ్యం, 1063లో సెవీల్ (ఇప్పటి స్పెయిన్‌లో ఉంది) ముస్లిం రాజు కలిపేసుకున్నాడు. ఆ రాజు కొడుకు అల్ ముతమిద్ కుర్రతనంలో ఇక్కడ గవర్నరుగా ఉన్నాడు. గొప్ప కవి. ఇక్కడి ప్రాంతంవాడే అయిన ఇబ్న్ అమ్మార్ అనే ఇంకో కవితో స్నేహం చేశాడు. ముతమిద్ రాజయ్యాక స్నేహితుణ్ణి మంత్రిని చేసుకున్నాడు. తర్వాత ద్రోహం చేశాడని తన చేతులతోనే చంపాడు. చివరికి ముతమిద్ కూడా రాజ్యం పోగొట్టుకుని మొరాకోలో అఘ్మాత్ అనే చోట బందీగా 1095లో పోయాడు. సిల్వెష్‌లోని మేడని తలుచుకుంటూ రాసిన పద్యం ఇప్పటికీ ఈ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నది దగ్గర ఆయన పేరుతో ఒక చౌరస్తా ఉంది. బస్సు ఆ చుట్టుపక్కలే ఆగింది, గైడు ఆ పేరే ఎత్తలేదు.

1140లలో ఇబ్న్ ఖాసీ అనే సూఫీ గురువు అల్మొరావిద్‌ల (అల్మొహద్‌లకి ముందు మొరాకో నుంచి ఏలినవాళ్ళు) పాలన మీద తిరగబడి ఈ ప్రాంతాన్ని ఏలాడు. చివరికి పోర్చుగల్ క్రైస్తవ రాజుతో చెయ్యి కలిపాడని ఊరివాళ్ళే 1151లో చంపేశారు. ఒక పక్క మూర్లు, ఒక పక్క క్రైస్తవులు అని గీత గీసి చెప్పే గైడులకి ఈ మనిషిని ఎక్కడ పెట్టాలో తెలియదు, అందుకే వదిలేస్తారు.

ఇక 1189. రెండేళ్ళ ముందు ముస్లిం సుల్తాను సలాదీన్ క్రైస్తవుల చేతిలోంచి జెరూసలేం గెలిచాడు. దాన్ని తిరిగి తీసుకోవడానికి ఉత్తర జర్మనీ, ఫ్లాండర్స్, ఇంగ్లండ్‌ల నుంచి క్రూసేడర్ల, అంటే క్రైస్తవ మతయుద్ధ సైనికుల, ఓడలు బయల్దేరి దారిలో లిస్బన్ దగ్గర ఆగాయి. పోర్చుగల్ రాజు మొదటి సాంచో వాళ్ళతో బేరం కుదుర్చుకున్నాడు: సిల్వెష్ నాకు, లోపలి సొమ్ము మీకు. జూలైలో ముట్టడి మొదలైంది. బయటి పేట వెంటనే పడిపోయింది. కానీ కొండ మీది గోడల దగ్గర నిచ్చెనలు, యంత్రాలు, సొరంగాలు ఏవీ పని చేయలేదు. అప్పుడు వాళ్ళు నీళ్ళ మీద పడ్డారు. ఊరి గోడ నుంచి కింద ఉన్న ఇంకో బావి దాకా, నీళ్ళు తెచ్చుకునే దారికి కాపలాగా బురుజులతో ఒక గోడ చేయి చాచినట్టు దిగి ఉండేది. ఆగస్టులో ఆ బురుజుని పట్టుకుని బావిని పాడుచేశారు. ఆగస్టు ఎండ, లోపల కిక్కిరిసిన జనం. సెప్టెంబరు 3న ఊరు లొంగిపోయింది.

లొంగుబాటు షరతులు చదివితే మనసు చేదవుతుంది. జనాన్ని వాళ్ళ సామాన్లతో పోనిద్దామని, సొమ్ముకి బదులుగా పది వేల బంగారు నాణేలు, తర్వాత ఇరవై వేలు ఇస్తానని రాజు క్రూసేడర్లని అడిగాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. ఒంటి మీది బట్టలతో జనం బయటికి నడిచారు. ఇదంతా రాసింది ఎవరో ముస్లిం చరిత్రకారుడు కాదు, ముట్టడిలో ఉన్న ఒక క్రూసేడరే. పేరు తెలియని అతని రాత ఇటలీలోని టురిన్‌లో దొరికింది. దాహంతో, ఆకలితో చిక్కి శల్యమైన ఆ జనాన్ని అతనే వర్ణించాడు.

కోట గోడ మీద, నది వైపు నిలబడి నాన్న కిందికి చూపించారు. "గోల్కొండ 1687లో ఎనిమిది నెలలు నిలబడింది అమ్మా. లోపల నీళ్ళకి లోటు లేదు, అందుకే శత్రువుకి లోపలివాడు తలుపు తియ్యాల్సి వచ్చింది. ఇక్కడ తలుపు తీసింది దాహం." ఆయన ఈ మాట చెప్పడానికే మళ్ళీ రావాలనుకున్నారని నాకప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు, 1190లో, మొరాకో నుంచి అల్మొహద్ ఖలీఫా యాకూబ్ అల్ మన్సూర్ సేనలతో వచ్చాడు. లోపలివాళ్ళకి లండన్ ఓడ ఒకటి తోడు దొరికింది. అందులోని కుర్రాళ్ళు జెరూసలేం ప్రయాణం ఆపి, తమ ఓడనే విరగ్గొట్టి ఆ చెక్కతో ఊరికి రక్షణ కట్టారని ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాశాడు. మా అబ్బాయికి కోట మొత్తంలో బాగా నచ్చింది ఇదే. ఖలీఫా వెనక్కి తగ్గాడు కానీ 1191లో మళ్ళీ వచ్చి గెలిచాడు. ఇంకో యాభై ఏళ్ళు ఊరు ముస్లింల చేతిలోనే ఉంది. ఇప్పుడు మనం చూసే గోడల్లో ఎక్కువ భాగం అల్మొహద్‌ల పనే. లోపల దట్టించిన మట్టి, పైన ఎర్ర ఇసుకరాయి. 1240లలో పాయు పెరెష్ కొరేయా అనే శాంటియాగో అనే క్రైస్తవ యోధుల సంఘపు వీరుడు చివరిసారిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత రాజు మూడో అఫోన్సు 1266లో ఊరికి హక్కుల పత్రం ఇచ్చాడు. 1910లో రాచరికం పోయేదాకా పోర్చుగల్ రాజు బిరుదులో అల్గార్వ్ పేరు కూడా ఉండేది.

కోటలో ఏం చూడాలి అంటే, పెద్ద నీటి తొట్టి. గుమ్మటపు కప్పుతో, వరుస స్తంభాలతో, 7 మీటర్ల దాకా ఎత్తున్న నేలమాళిగ. వేసవిలో కూడా చల్లగా ఉంటుందట. సెయింట్ జాన్ పండగ రాత్రి మాయలో చిక్కుకున్న ఒక మూరు రాకుమారి బంగారు తెడ్లతో వెండి పడవ నడుపుతూ ఇందులో కనిపిస్తుందని ఊరి కథ. ఇంకో పక్క లోతైన బావి, అల్మొహద్ కాలపు రాచ ఇంటి పునాదులు, స్నానపు గదులు. పెద్ద ఫలకాలు ఉన్నాయి, ఇంగ్లీషు కూడా ఉంది, కానీ ఎండకి వెలిసి కొన్ని చదవలేం. పదకొండు బురుజులు చుట్టూ గోడ మీద నడవచ్చు. నారింజ తోటలు, ఉత్తరాన మొన్షీక్ కొండలు, చిమ్నీల మీద కొంగల గూళ్ళు కనిపిస్తాయి. లోపలివైపు కొన్నిచోట్ల పిట్టగోడ లేదు, చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

నాకు నచ్చనివి రెండు. గుమ్మం ముందు సాంచో రాజు నిలువెత్తు కంచు విగ్రహం ఉంది, రెండేళ్ళలోపే ఊరు పోగొట్టుకున్నవాడిది. అయిదు వందల ఏళ్ళు ఈ ఊరిని కట్టి, తవ్వి, నీళ్ళు నిలిపినవాళ్ళలో ఒక్కరి విగ్రహమైనా కోటలో కనిపించలేదు. రెండోది, 1940లలో నియంత సలజార్ ప్రభుత్వం చేసిన మరమ్మతు. పోర్చుగల్‌లో చాలా కోటల్ని అలాగే పళ్ళు సరిచేసినట్టు ఒకే తీరున చక్కబెట్టారు. ఏది పాతదో ఏది కొత్తదో మామూలు యాత్రికుడికి తెలిసేలా ఒక గీత అయినా గీసి ఉండాల్సింది. 1755 భూకంపం ఈ ఊరిని కూడా పడగొట్టింది కదా, ఆ మచ్చలు కూడా చరిత్రే.

కేథడ్రల్ పక్కనే, మేం వెళ్ళినప్పుడు టికెట్ ఒకటిన్నర యూరో. పాత మసీదు ఉన్న చోటే కట్టారని చెబుతారు. అదే ఎర్రరాయి. రాజు రెండో జాన్ 1495లో అల్వోర్‌లో చనిపోతే ముందు ఇక్కడే పాతిపెట్టి, నాలుగేళ్ళకి బతాల్యాకి తీసుకెళ్ళారు. బిషప్ పీఠం 1577లో ఫారోకి వెళ్ళిపోయింది. పది నిమిషాలు చాలు.

తిండి. కోట కింద చౌరస్తాలో మొదటి మధ్యాహ్నం కూర్చున్న రెస్టారెంట్‌లో, అడక్కుండానే బ్రెడ్డు, ఆలివులు, చిన్న జున్ను ముక్కలు, చేపల పేస్టు తెచ్చి పెట్టారు. ఇది ఫ్రీ కాదు. మనం అడగకుండా పెట్టినవి ముట్టుకోకపోతే బిల్లు వేయకూడదని అక్కడి చట్టం. మేం ఆలివులు మాత్రం ఉంచుకుని మిగతావి వెనక్కి పంపేశాం. అయినా బిల్లులో నాలుగింటికీ కలిపి 9 యూరోల 50 సెంట్లు వేశారు. మావారి గొంతు పెరగబోయింది, నేను పుస్తకం పేరు ఎత్తాను. 1.80కి తగ్గింది. శాకాహారం మాటకొస్తే, అమ్మ గుడ్డు కూడా తినదు. ఆకుకూర సూపు అని కాల్దు వెర్ద్ చెప్తే పైన సాసేజ్ ముక్క వేసి తెస్తారు. "షొరీసు లేకుండా" అని ముందే చెప్పాలి, చారు దేంతో కాచారో కూడా అడగాలి. ఆ పూట ఆవిడ ఉత్త అన్నం, టమాటా సలాడు తిని, మాట్లాడకుండా కూర్చుంది. ఇల్లు గుర్తొచ్చిందని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆవిడ మనసు మార్చింది మార్కెట్టు. పొద్దున్నే నది ఒడ్డున ఉన్న కూరగాయల బజారుకి తీసుకెళ్ళాం. సిల్వెష్ నారింజలకి పోర్చుగల్ అంతా పేరు. 5 కిలోల సంచి 4 యూరోలు. శనగలు, కొత్తిమీర (అక్కడ కట్టలు కట్టలు దొరుకుతుంది), పచ్చి బఠాణీ, వెల్లుల్లి కొంది. బస ఇంటి వంటగదిలో శనగల కూర, అన్నం చేసింది. ఇంటావిడకి గిన్నెలో పెట్టి పంపింది. ఆవిడ సాయంత్రం బాదం, అత్తిపండ్లతో చేసిన మిఠాయిలు పట్టుకొచ్చి, బాదం పూల కథ చెప్పింది. ఉత్తర దేశపు రాకుమారిని పెళ్ళాడిన ఇక్కడి మూరు రాజు, మంచు కోసం బెంగపెట్టుకుని ఆవిడ మంచం పడితే, కనుచూపు మేరా బాదం చెట్లు నాటించాడట. ఫిబ్రవరిలో పూత చూసి రాకుమారి లేచి కూర్చుందట. నేను అనువదిస్తుంటే అమ్మ నా వైపు చూసి, "మరి నీకు అక్కడ మీ ఆయన ఏం చెట్టు నాటించాడే?" అంది. మావారు వచ్చే ఏడు పెరట్లో కరివేపాకు అన్నారు. ఐర్లండ్‌లో అది బతకదని అందరికీ తెలుసు.

వెళ్ళదలచినవాళ్ళకి నా సలహా. ఆగస్టులో మధ్యయుగ జాతర జరుగుతుంది, కోలాహలం ఇష్టమైతే వెళ్ళండి, గదుల ధరలూ ఎండా రెండూ భరించగలిగితేనే. చరిత్ర కోసం అయితే ఫిబ్రవరి, మార్చి. పెద్దవాళ్ళుంటే టాక్సీలో కొండ పైదాకా వెళ్ళి, కోట, కేథడ్రల్, మ్యూజియం అన్నీ దిగుడు దారిలో చూడొచ్చు. కానీ నడవగలిగినవాళ్ళు వరస తిప్పి మ్యూజియంతో మొదలుపెట్టండి, గంట కేటాయించండి. కోటకి రెండు గంటలు. రాళ్ళ వీధులు తడిస్తే జారతాయి, అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి. కార్క్ వస్తువులు కావాలంటే ఇదే ఊళ్ళో చిన్న షాపుల్లో కొనండి. 19వ శతాబ్దంలో కార్క్ ఫ్యాక్టరీలు నడిచిన ఊరిది. టూర్‌వాళ్ళు ఆపిన షాపులో 75 యూరోలన్న బ్యాగు లాంటిదే ఇక్కడ 48కి అమ్మకి కొన్నాను.